కెన్యా పల్లెల్లోని మహిళా సంఘానికి మంచినీటి కోసం సాయం చేయాలంటే ఏది సరైన దారి?

ప్రశ్న – తార్నాక మహిళా మండలి సభ్యురాలు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. మా మండలిలో ఎక్కువమంది పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినులు, బ్యాంకు ఉద్యోగినులు. ఏటా కొంత సొమ్ము పోగుచేసి ఏదో ఒక మంచి పనికి ఇవ్వడం మాకు అలవాటు. ఇంతవరకూ ఆ పనులన్నీ మన జిల్లాల్లోనే జరిగాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థకు శిక్షణ కోసం వచ్చిన ఒక కెన్యా ఉద్యోగిని మా సభ్యురాలి ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, తూర్పు కెన్యాలోని కిటుయి ప్రాంతంలో తనకు బాగా తెలిసిన ఒక మహిళా సంఘం గురించి చాలాసేపు చెప్పారు. అప్పటి నుంచి ఈసారి సాయం వాళ్లకే అందాలని మండలిలో అందరం అనుకుంటున్నాం.

వానలు లేని నెలల్లో అక్కడి ఆడవాళ్లు తెల్లవారకముందే బయలుదేరి, ఎండిన వాగులో తవ్విన గుంట దగ్గర తమ వంతు కోసం కూర్చుంటారట. అడుగున ఊరిన నీటిని చిన్న గిన్నెతో తోడి, 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా నింపుకుంటారు. నిండిన డబ్బాను మనలా నెత్తినో చంకనో పెట్టుకోరు. దానికి కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకుని, బరువంతా వీపు మీద వేసుకుని, ముందుకు వంగి నడుస్తారు. గాడిద ఉన్న ఇంటివాళ్లకు ఆ శ్రమ కొంత తప్పుతుంది. ఇంటి ఆవరణలో నీటి వసతి లేని ప్రతి 10 కుటుంబాల్లో 7 కుటుంబాలకు నీళ్లు మోసేది ఆడవాళ్లూ ఆడపిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2023లో ఇచ్చిన నివేదికలో చదివాను. ఆ లెక్క వెనుక ఉన్న మనుషులు ఎలా నడుస్తారో ఆమె మా ముందు లేచి వంగి చూపించారు.

నేను పుట్టింది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లకు గార పట్టినవాళ్ల మధ్య, నడుము వంగిపోయినవాళ్ల మధ్య పెరిగాను. అందుకే నీళ్లు ఇస్తే చాలదనీ, ఆ నీళ్లు ఎలాంటివో కూడా చూడాలనీ నా పట్టుదల. మా సభ్యుల్లో ఎక్కువమంది ఒక బోరు వేయించి, చేతిపంపు బిగించి, మండలి పేరుతో పలక పెడితే బాగుంటుందంటున్నారు. ఇంత దూరం నుంచి మనం వేయించిన పంపు రెండేళ్లకు ఆగిపోతే దాన్ని చూసేదెవరన్నది నాకు తెలియడం లేదు. బోరు కన్నా మెరుగైన పని ఏదైనా ఉందా? ఉంటే అందులో ఆ సంఘానికి ఏ భాగం, మనకు ఏ భాగం? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం – విశ్రాంత ఇంజినీరు, గ్రామీణ నీటి సరఫరా, మల్కాజిగిరి

అమ్మా, మీ సందేహం చాలా సరైనది. నా ఉద్యోగ జీవితమంతా చేతిపంపుల మధ్యే గడిచింది కనుక ఆ ఒక్క విషయం మీదే రాస్తాను.

మన ఊళ్లలో బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2 పంపు ఆఫ్రికాలో ఎన్నో దేశాల్లో ఉంది. 1970లలో మన గట్టి రాతి నేలల్లో వేలాది బోర్లు పడినప్పుడు, వాటికి బిగించిన పాత పోత ఇనుప పంపులు ఒక ఇంటి వాడకానికి చేసినవి కావడంతో, ఊరంతా కొట్టేసరికి నెలల్లోనే విరిగిపోయేవి. షోలాపూర్‌లో తయారైన ఒక పంపును ఆధారంగా తీసుకుని, యూనిసెఫ్ సాయంతో, మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడ్డాస్ కర్మాగారంలో మెరుగుపరిచినదే ఈ మార్క్ 2. చాలా గట్టి పంపు. దాని బలహీనత అంతా మరమ్మతులోనే ఉంది. నీటిని పైకి తోసే సిలిండరు బోరు అడుగున ఉంటుంది, అందులోని వాషర్లు వాడకంతో అరుగుతాయి. అరిగిన వాషరు మార్చాలంటే ఒక్కొక్కటి 3 మీటర్ల ఇనుప పైపులను, లోపలి కడ్డీలతో సహా, ఒకదాని తర్వాత ఒకటి విప్పుతూ మొత్తం బయటికి లాగాలి. దానికి క్లాంపులు, పెద్ద పానాలు, బలమైన మనుషులు కావాలి. మన దగ్గర మండల కేంద్రం నుంచి మెకానిక్ జట్టు వ్యాన్‌లో వచ్చి ఆ పని చేసేది. కిటుయిలో మీరు వేయించే పంపు దగ్గరికి ఏ వ్యాను వస్తుంది?

ఈ ఇబ్బంది గుర్తించే, 1980లలో ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి నడిపిన చేతిపంపుల పథకంలో, మలావీ, కెన్యాలలో పరీక్షలు జరిపి ఆఫ్రిదేవ్ అనే పంపు రూపొందించారు. దీనిలో నిలువు పైపు ప్లాస్టిక్‌ది. పైపును కదిలించకుండానే, ఒకే ఒక్క పానాతో పై మూత విప్పి, కడ్డీలతో పాటు పిస్టన్‌ను పైపు లోపలి నుంచే పైకి తీసి, వాషరు మార్చి, తిరిగి దింపవచ్చు. సుమారు 45 మీటర్ల లోతు వరకు పనికివస్తుంది. ఊళ్లోని ఆడవాళ్లే నేర్చుకుని చేయగల పని అది. కనుక ఎవరైనా పంపు ఇస్తామంటే మొదట అడగవలసినది దాని రకం. రెండవది, దాని వాషర్లు ఏ సంతలో, ఏ దుకాణంలో దొరుకుతాయన్నది.

నీటి గుణం వల్ల కూడా పంపులు పాడవుతాయి. నీటి పీహెచ్ 6.5 కన్నా తక్కువగా, అంటే నీటిలో ఆమ్ల గుణం ఎక్కువగా ఉన్న చోట జింకు పూత పూసిన ఇనుప పైపులు లోపలి నుంచి తుప్పు పడతాయి. నీళ్లు ఎర్రగా, తుప్పు రుచితో వస్తాయి, బట్టలకు మరక పడుతుంది, అన్నం రంగు మారుతుంది. అప్పుడు పంపు పనిచేస్తూనే ఉన్నా ఆడవాళ్లు పాత చెరువుకే వెళ్లిపోతారు. అలాంటి పంపు కాగితం మీద మాత్రం బాగానే ఉన్నట్టు లెక్క.

సహారాకు దక్షిణాన ఉన్న దేశాల్లో చేతిపంపుల్లో 36 శాతం ఏ సమయంలో చూసినా పనిచేయడం లేదని 2009లో గ్రామీణ నీటి సరఫరా నిపుణుల సంఘం ఒక అంచనా ఇచ్చింది. 2019లో వచ్చిన మరో అధ్యయనం ప్రతి నాలుగింటిలో ఒకటి అని తేల్చింది. రెండో లెక్కనే తీసుకున్నా, తవ్విన బోరు, పోసిన సిమెంటు, పెట్టిన డబ్బు అన్నీ అక్కడే ఉండి, కొద్దిపాటి ఖర్చుతో మార్చగల భాగం లేక నీళ్లు ఆగిపోయిన ఊళ్లు ఎన్నో ఊహించుకోండి. దీనికి మందు కూడా మీరు చెప్పిన ప్రాంతంలోనే కనిపెట్టారు. కిటుయిలోని క్యూసోలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేతిపంపు పిడిలో సిమ్ కార్డుతో పనిచేసే చిన్న పరికరం అమర్చి, పంపు కదలడం ఆగితే మరమ్మతు చేసేవారికి తెలిసేటట్టు చేశారు. అంతకుముందు సగటున నెల దాకా పట్టే మరమ్మతు మూడు రోజుల లోపుకు వచ్చింది. ఆ అనుభవం నుంచి పుట్టినదే ఫండిఫిక్స్ అనే స్థానిక మరమ్మతు సేవ. వాడుకునేవాళ్లు క్రమం తప్పకుండా చిన్న మొత్తం కడతారు, పంపు ఆగితే మెకానిక్ వస్తాడు.

దాతల ముచ్చట వల్ల ఎంత నష్టం జరుగుతుందో ప్లేపంపు కథ చెబుతుంది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే నీళ్లు పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయన్నది దక్షిణాఫ్రికాలో వచ్చిన ఆలోచన. 2006లో అమెరికాలో దానికి 1 కోటి 64 లక్షల డాలర్ల సాయం ప్రకటించారు, 2010 నాటికి 4000 పంపులు పెట్టాలనుకున్నారు. పిల్లలు రోజంతా ఆడరు కదా. వాళ్లు బడికి వెళ్లిన వేళ ఆ బరువైన రాట్నాన్ని చివరికి ఆడవాళ్లే, ముసలివాళ్లతో సహా, చేతులతో తిప్పవలసి వచ్చింది. మామూలు చేతిపంపు పీకేసి దీన్ని బిగించిన చోట్ల పరిస్థితి మరీ అన్యాయం. పెట్టేముందు ఆ ఆడవాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇదంతా ముందే తెలిసేది.

అందుచేత నా సలహా ఇది: కొత్త బోరుకు ముందు, ఆ సంఘం సభ్యులు నడిచి వెళ్లగలిగే దూరంలో ఆగిపోయిన పంపులు ఎన్ని ఉన్నాయో, ఎందుకు ఆగాయో తెలుసుకోండి.

సమాధానం – నైరోబీలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవారు, కొండాపూర్

ఇంజినీరు గారు మరమ్మతు గురించి చెప్పినదంతా నిజం. అయితే కిటుయి విషయంలో ఒక తేడా గమనించాలి. అక్కడ చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పశువులకు పనికివచ్చినా తాగడానికి పనికిరాని బోర్లు ఆ ప్రాంతంలో తక్కువేమీ కావు. కాబట్టి మరమ్మతు చేయించిన ప్రతి పంపూ మంచినీళ్లు ఇస్తుందని అనుకోలేం. పైగా ఆ ప్రాంతపు ఆడవాళ్లు తరాలుగా నమ్ముకున్నది వాగునే. ఆ వాగులోనే మంచి పరిష్కారం ఒకటి ఉంది.

కిటుయి, మచాకోస్, మకుయెని కౌంటీల్లో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) వాగులు ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయి ఇసుక మేటలుగా ఉంటాయి. మన తెలంగాణ వాగుల్లో చెలిమ తోడుకున్నట్టే అక్కడా ఇసుకలో గుంట తవ్వి నీళ్లు తెచ్చుకుంటారు. ఆ ఇసుకలో నిలిచే నీటిని పెంచడానికి వాగుకు అడ్డంగా, అడుగున బండరాయి తగిలే చోట, రాయి, సిమెంటు, ఇనుప కడ్డీలతో రెండు నుంచి నాలుగు మీటర్ల ఎత్తు గోడ కడతారు. వరద వచ్చినప్పుడు బరువైన ఇసుక గోడ వెనుక ఆగిపోతుంది, తేలికైన ఒండ్రు నీటితో పాటు గోడ దాటిపోతుంది. ఒకటి నుంచి నాలుగు వానకాలాల్లో గోడ వెనుక భాగమంతా ఇసుకతో నిండుతుంది. ఆ ఇసుక తన పరిమాణంలో 25 నుంచి 40 శాతం దాకా నీటిని పట్టుకుంటుంది. అందులో కొంత రేణువులకు అంటుకుని ఉండిపోయినా, మిగతాది వేసవి దాకా తోడుకోవచ్చు. నీరు ఇసుక కింద ఉండటం వల్ల ఎండకు పెద్దగా ఆవిరి కాదు, దోమలు గుడ్లు పెట్టవు, ఇసుక గుండా దిగుతూ కొంతవరకు వడకట్టుకుంటుంది.

మీ ప్రశ్నకు దీనితో దగ్గరి సంబంధం ఉంది. ఈ ఇసుక ఆనకట్టల్లో ఎక్కువ భాగం కట్టింది అక్కడి స్వయం సహాయక సంఘాలే, వాటిలో సభ్యులు ఎక్కువగా ఆడవాళ్లే. ఆ ప్రాంతంలో ఉండే కంబా జాతివారిలో మ్వేత్య అనే సమష్టి శ్రమ సంప్రదాయం పాతది. పొలం పనికో ఇల్లు కట్టుకోవడానికో అందరూ కలిసి ఒకరికొకరు పనిచేసి పెట్టుకుంటారు. ఉటూని అనే సంస్థను స్థాపించిన జాషువా ముకుస్యా 1970ల చివరి నుంచి ఈ సంప్రదాయం ఆధారంగానే ఇసుక ఆనకట్టలను వ్యాప్తి చేశారు. రాళ్లు ఏరడం, ఇసుక, నీళ్లు మోయడం, పునాది తవ్వడం, ఇవన్నీ సంఘం వంతు. సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి, స్థలం సరిచూసే సాంకేతిక నిపుణుడి ఖర్చు దాతల వంతు. ఈ పంపకంలో ఆ గోడ తమదేనన్న నమ్మకం సంఘానికి మొదటి రోజు నుంచే ఉంటుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పునాది బండలోకి సరిగా దిగకపోతే నీళ్లు కింది నుంచి కారిపోతాయి. బంకమట్టి ఎక్కువగా తెచ్చే వాగుల్లో ఇది పనికిరాదు, ఇసుకకు బదులు బురద నిండుతుంది. గుంట తెరిచి ఉంచితే పశువులు దిగి నీటిని పాడుచేస్తాయి కనుక, గోడకు ఎగువన మూతపెట్టిన బావి తవ్వి పంపు బిగించాలి. అక్కడికి ఇంజినీరు గారి ఆఫ్రిదేవ్ సలహా తిరిగి అవసరానికి వస్తుంది. రెండు ఒడ్డుల భూమి యజమానుల రాతపూర్వక అంగీకారం, కెన్యా జలవనరుల అథారిటీ అనుమతి తప్పనిసరిగా తీసుకోవాలి. ఇసుక దొంగల బెడద కూడా ఉంది. నైరోబీలో లేచే భవనాల కోసం ఈ వాగుల ఇసుకను లారీల్లో తరలించడం ఎంత ముదిరిందంటే, మకుయెని కౌంటీ 2015లో ఇసుక సంరక్షణకు ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. మన వాగులకు పట్టిన గతి తెలిసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇంకో మార్గం ఇంటి పైకప్పు. 1960, 70లలో కెన్యాలో ఆడవాళ్లు చీటీలాగా డబ్బు వేసుకుని, వంతుల వారీగా ఒక్కో సభ్యురాలి ఇంటికి గడ్డి తీసి రేకులు వేయించేవారు. రేకులను అక్కడ మబాటి అంటారు, ఆ సంఘాలకు మబాటి సంఘాలనే పేరే స్థిరపడింది. రేకు ఉంటే వాన నీరు పట్టుకోవచ్చు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 40 చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్లు కురిస్తే 28,000 లీటర్లు, చిమ్మిపోయేదీ ఆవిరయ్యేదీ తీసేస్తే సుమారు 22,000 లీటర్లు. అయిదుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 35 లీటర్లనుకుంటే, 10,000 లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే 280 రోజులకు పైగా వస్తుంది. ఆ ప్రాంతంలో మార్చి నుంచి మే వరకు ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఒకసారి వానలు పడతాయి. రెండోదే కాస్త నమ్మకమైనది. మొదటి వాన నీటిని కప్పు కడిగిన నీళ్లుగా వదిలేసి, తర్వాతిదే ట్యాంకులోకి మళ్లించాలి. ఉగాండాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కటోసి మహిళల సంస్థ ఇలాంటి ట్యాంకులు కట్టడానికి ఆడవాళ్లకే మేస్త్రీ పని నేర్పింది. మీ సంఘం వాళ్లకు ఇది నచ్చవచ్చు.

ప్రశ్న అడిగినవారు – తార్నాక

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇసుక ఆనకట్ట వివరం మా సభ్యులకు చదివి వినిపించాను. పలక మాట ఎత్తినవారు కూడా శ్రద్ధగా విన్నారు. రెండు విషయాలు ఇంకా తెలియాలి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందా? డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలి, ఎలా పంపాలి?

సమాధానం – విశ్రాంత ఇంజినీరు, మల్కాజిగిరి

అమ్మా, మర్రిగూడలో పుట్టిన మీరు ఫ్లోరైడ్ గురించి అడగకపోతేనే ఆశ్చర్యం. తూర్పు ఆఫ్రికాలో ఫ్లోరైడ్ బాధ ఎక్కువగా ఉన్నది రిఫ్ట్ లోయలో, అంటే నేల చీలి ఏర్పడిన పొడవైన లోయలో: ఇథియోపియా రిఫ్ట్ ప్రాంతం, కెన్యాలో నకూరు చుట్టుపక్కల, టాంజానియాలో అరుషా. అక్కడి అగ్నిపర్వత శిలల నుంచి అది నీటిలో దిగుతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరుతోనే అది ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. దాని చిక్కు కూడా మీకు తెలిసే ఉంటుంది: రోజూ కొలత తప్పకుండా పటిక కలపాలి, అడుగున చేరే మడ్డిని ఎక్కడో పారబోయాలి, ఎవరికైనా విసుగు పుడితే ఆ రోజుతో ఆగిపోతుంది. నకూరులో కాల్చిన ఎముకల బొగ్గుతో వడకట్టే పద్ధతి ఎక్కువకాలం నిలిచింది. చివరికి మన నల్లగొండ ఊళ్లకు ఊరట ఇచ్చింది దూరం నుంచి పైపుల్లో వచ్చిన కృష్ణా నీరే కదా.

కిటుయి రిఫ్ట్ లోయలో లేదు, దానికి తూర్పున ఉంది. అయినా ఊహ మీద ఆధారపడవద్దు. ఏ బోరు మీదైనా రూపాయి పెట్టే ముందు ఫ్లోరైడ్, లవణాలు రెండూ ప్రయోగశాలలో పరీక్షించాలి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఇసుక ఆనకట్టలోని వాన నీటిలో ఫ్లోరైడ్ భయం తక్కువ, మలం వల్ల వచ్చే క్రిముల భయం ఎక్కువ. దానికి చవకైన హెచ్2ఎస్ సీసా చాలు. సీసాలో నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, నీరు కలుషితమైతే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. మన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్లు వాడటం నేర్పుతున్నారు. అదే పని కిటుయి ఆడవాళ్లూ చేసుకోగలరు. బావి దగ్గరి నీటిని ఒకసారి, ఇంట్లో కుండలోని నీటిని ఒకసారి పరీక్షించమనండి. బావి దగ్గర శుభ్రంగా ఉన్న నీరు మూతలేని పాత్రలో, చేయి ముంచి తీసే గ్లాసుతో పాడవడం చాలా చోట్ల కనిపిస్తుంది. ఇరుకు మూతి, కింద కుళాయి ఉన్న డబ్బా, క్లోరిన్ చుక్కలు, ఈ రెండింటికీ అయ్యే ఖర్చు బోరు ఖర్చులో చిన్న పిసరు.

సమాధానం – మహిళా సమాఖ్యల శిక్షకురాలు, బోడుప్పల్

అక్కా, డబ్బు ఎవరి చేతికి అన్న ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. మన పొదుపు సంఘాల మీద ఉన్న అవగాహనతో ఆఫ్రికా సంఘాలను చూస్తే ఒక పెద్ద తేడా కంటపడకుండా పోతుంది. కేర్ అనే సంస్థ 1991లో నైజర్‌లో మొదలుపెట్టిన గ్రామ పొదుపు, రుణ సంఘాల నమూనా ఇప్పుడు ఆఫ్రికాలో చాలా దేశాలకు వ్యాపించింది. అందులో బ్యాంకు ఉండదు. ఇనుప పెట్టె ఉంటుంది, దానికి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యుల దగ్గర ఉంటాయి. పెట్టె ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. సమావేశంలో అందరి ఎదుట మూడు తాళాలూ తీస్తారు, అందరి ఎదుటే లెక్కపెడతారు. ఇంతవరకూ మనకు నచ్చేదే. అయితే ఏడాది చివర పెట్టెలో ఉన్న డబ్బంతా వడ్డీతో సహా సభ్యులు పంచుకుని, మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతారు. మన సంఘాల్లో మూలధనం ఏళ్ల తరబడి పెరుగుతూ సమాఖ్యకు చేరినట్టు అక్కడ జరగదు.

ఇది నీళ్ల పనికి చాలా ముఖ్యం. పంపు మరమ్మతు కోసం పోగుచేసిన సొమ్ము ఆ పెట్టెలోనే వేస్తే, పంచుకునే రోజున అది కూడా పంపకంలోకి వెళ్లిపోవచ్చు. ఎవరి తప్పూ ఉండదు, నియమమే అలాంటిది. కనుక మీ కిటుయి సంఘం ఏ పద్ధతిలో నడుస్తున్నదో ముందు అడగండి. ఏ పద్ధతైనా, నీటి నిధికి వేరే పెట్టె గానీ వేరే బ్యాంకు ఖాతా గానీ, వేరే పుస్తకం గానీ ఉండాలి. మీరు డబ్బిచ్చే ముందే వాళ్లు కొన్ని నెలలు ఆ నిధిలోకి తమ వంతు కట్టి చూపించమనడం కఠినంగా అనిపించవచ్చు. నా ఉద్దేశంలో అది వాళ్ల మీద గౌరవమే. మన దగ్గర బ్యాంకులు అప్పు ఇచ్చేముందు సంఘం ఆరు నెలల పొదుపు చూసినప్పుడు మన ఆడవాళ్లు చిన్నబుచ్చుకోలేదు, ఆ పుస్తకం పట్టుకుని గర్వంగానే బ్యాంకుకు వెళ్లారు.

బిందెకు ఇంత అని తీసుకోవాలా, ఇంటికి నెలకు ఇంత అని తీసుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. డబ్బాకు లెక్కకడితే పేద ఇంటివాళ్లు ఎండాకాలంలో తక్కువ నీళ్లతో సరిపెట్టుకుంటారు, లేదా పాత గుంటకే వెళతారు. నెలకు కడితే పశువులున్న ఇల్లూ, ఒంటరి వృద్ధురాలి ఇల్లూ ఒకే మొత్తం కట్టవలసి వస్తుంది. కట్టలేని ఇళ్లు ఏవో సంఘానికి తెలిసినంతగా మనకు తెలియదు. ఆ మినహాయింపులు సమావేశంలో తీర్మానంగా రాసుకుంటే తర్వాత గొడవ రాదు.

ఇంకొక మాట. కమిటీలో ఆడవాళ్ల పేర్లు రాసి, పానా మాత్రం మగవాళ్ల చేతిలో పెట్టడం ఎక్కడైనా జరిగేదే. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990లలో మహిళా సమాఖ్య అనే ప్రభుత్వ కార్యక్రమం కింద, చదువురాని దళిత మహిళలు మార్క్ 2 చేతిపంపుల మెకానిక్కులయ్యారు. పంపు ముట్టుకుంటేనే నీళ్లు మైలపడతాయన్నవాళ్లు ఆ తర్వాత పంపు ఆగితే వాళ్ల కోసమే కబురు పెట్టారు. మీ సాయంలో కొంత భాగం ఆ సంఘంలోని ఇద్దరు ముగ్గురు యువతుల మెకానిక్ శిక్షణకూ, వాళ్ల సొంత పనిముట్ల సెట్టుకూ కేటాయించండి. శిక్షణ రోజుల్లో వాళ్లు కోల్పోయే కూలి కూడా లెక్కలో వేయండి. అది వేయకపోతే అవసరం ఎక్కువగా ఉన్నవాళ్లే రాలేకపోతారు.

సమాధానం – చార్టర్డ్ అకౌంటెంట్, హిమాయత్‌నగర్

డబ్బు పంపడం గురించి క్లుప్తంగా చెబుతాను. రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద మన దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్ల వరకు విదేశాలకు పంపవచ్చు, విరాళాలు కూడా అందులోకే వస్తాయి. ఆ పథకం వ్యక్తులకు మాత్రమే వర్తిస్తుంది. మీ మండలి ఒక సొసైటీగా నమోదై ఉంటే, మండలి ఖాతా నుంచి ఆ దారిలో పంపడం కుదరదు. సభ్యులు ఎవరికి వారు తమ పాన్ కార్డుతో, తమ ఖాతా నుంచి బ్యాంకు ద్వారా పంపవలసి ఉంటుంది. మండలికి ధార్మిక సంస్థగా పన్ను మినహాయింపు ఉంటే ఇంకా జాగ్రత్తపడాలి. ప్రత్యక్ష పన్నుల బోర్డు ముందస్తు ఆమోదం లేకుండా దేశం వెలుపల పెట్టిన ఖర్చుకు ఆ మినహాయింపు రాదు. విదేశీ సంస్థకు వ్యక్తిగతంగా ఇచ్చిన విరాళానికి కూడా పన్ను రాయితీ లభించదు. పంపే ముందు మీ ఆడిటరుకు, బ్యాంకు విదేశీ మారకపు విభాగానికి రాతపూర్వకంగా అడిగి, సమాధానం ఫైలులో ఉంచుకోండి.

అటువైపు స్వీకరించేది ఎప్పుడూ సంఘం పేరు మీదున్న బ్యాంకు ఖాతాయే అయి ఉండాలి. కెన్యాలో 2022లో వచ్చిన సామాజిక సంఘాల నమోదు చట్టం కింద ఇలాంటి సంఘాలకు నమోదు పత్రం ఇస్తారు. ఆ పత్రం నకలు, ఖాతాపై సంతకం చేసే అధికారం ఎవరెవరికి ఉందో చెప్పే తీర్మానం నకలు తెప్పించుకోండి. అక్కడ ఎంపెసా అనే మొబైల్ చెల్లింపు సేవ 2007 నుంచి ఇంటింటికీ అలవాటైనది, దాని ద్వారా పంపమని ఎవరైనా సూచించవచ్చు. వ్యక్తి ఫోన్ నంబరుకు మాత్రం పంపవద్దు. మధ్యనున్నవారు ఎంత మంచివారైనా, రేపు ఒక ప్రశ్న వస్తే వారికి కూడా కాగితమే రక్ష.

ప్రశ్న అడిగినవారు – తార్నాక

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మండలిలో చర్చించి కొత్త బోరు ఆలోచన విరమించుకున్నాం, పలక ఆలోచన కూడా. సభ్యులు ఎవరి ఖాతా నుంచి వారు పంపడానికి ఒప్పుకున్నారు. ఎంత, ఎప్పుడు అన్నది సంఘం నుంచి జవాబు వచ్చాకే.

ఆ ఉద్యోగిని ద్వారా సంఘానికి పంపే ఉత్తరంలో ఇవి అడుగుతున్నాం: వాళ్ల ఊరి చుట్టూ పనిచేసే పంపులు ఎన్ని, ఆగినవి ఎన్ని, ఏ రకం, ఎప్పటి నుంచి, వాగు అడుగున బండ ఎంత లోతులో తగులుతుందో ఎవరైనా చూశారా, ఒడ్డు భూములు ఎవరివి, ఆ వాగులో ఇసుక లారీలు తిరుగుతున్నాయా, వాళ్ల పెట్టె ఏడాదికోసారి పంచుకునేదేనా, సభ్యుల్లో మెకానిక్ పని నేర్చుకుంటామనే యువతులు ఎవరైనా ఉన్నారా, అన్నింటికన్నా ముందు, వాళ్లకు కావలసింది వాగులో గోడా, ఇంటి కప్పు కింద ట్యాంకా, ఉన్న పంపు బాగుచేయడమా, ఇవేవీ కాకుండా మాకు తట్టనిది ఇంకేదైనానా. మొదటి విడతగా నీటి పరీక్షల ఖర్చు, స్థలం చూసే నిపుణుడి ఖర్చు మాత్రమే పంపుతామని, మిగతాది ఆ ఫలితాలు చూసి వాళ్లూ మేమూ కలిసి నిర్ణయిద్దామని రాశాం. ఉత్తరాన్ని కంబా భాషలో చదివి వినిపించే బాధ్యత ఆమె తీసుకున్నారు. జవాబు అందగానే ఇక్కడ ఉంచుతాను. ఇంజినీరు గారూ, పరీక్షల కాగితాలు వచ్చినప్పుడు మీరు ఒకసారి చూసిపెట్టాలి.